జబ్బు తగ్గింది, ఓపిక రాలేదు: విశ్రాంతా, సెలైనా, నడకా, ఫిజియోథెరపీయా?

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన నాలుగో రోజున అమ్మ మంచినీళ్ళ చెంబు ఎత్తబోయి, ఒక చేత్తో కాక రెండు చేతులా పట్టుకుంది. అయినా సగం నీళ్ళు చీర మీద పోసుకుంది. న్యుమోనియా ముదిరి ఐసీయూలో 9 రోజులు, అందులో 5 రోజులు వెంటిలేటర్ మీద ఉండి వచ్చిన మనిషి. డిశ్చార్జి కాగితాల్లో అన్నీ నార్మలే. "జబ్బు తగ్గిందన్నారు కదే అమ్మాయ్, మరి ఈ కాళ్ళు నావి కానట్టున్నాయేంటి?" అంది.

ఆ వారంలో తెనాలిలో మా గడప తొక్కిన ప్రతివాళ్ళూ ఒక దారి చెప్పారు. మూడు నెలలు మంచం దిగనివ్వద్దని పెద్దమ్మ. రెండు సెలైన్లు ఎక్కిస్తే లేచి తిరుగుతుందని వీధి చివర ఆర్‌ఎంపీ. పొద్దున్నే లేపి నడిపించమని బాబాయి. ఎదురింటి పిన్నిగారైతే ప్రోటీన్ పౌడర్ డబ్బా పట్టుకునే వచ్చారు. అందరూ ప్రేమగానే చెప్పారు. వాటిలో చాలావరకు మేం చేసి చూశాం, కొన్ని ఆపేశాం. టైఫాయిడ్, డెంగీ, టీబీ, గుండెపోటు, కీమో, ఐసీయూ ఏదైనా సరే, పెద్ద జబ్బు నుంచి లేచి ఇప్పుడు ఏం చేయాలో తేలక ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

## ఎంచుకునే ముందు

మొదట ఒక పని. నీరసానికి వేరే కారణం ఉందేమో రక్తపరీక్షలో చూపించుకోండి: హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బి12, విటమిన్ డి, సోడియం, పొటాషియం, కిడ్నీ పరీక్ష. వాడుతున్న మందుల చీటీ కూడా డాక్టరుగారి ముందు పెట్టి, ఇందులో నీరసం తెచ్చేది ఏమైనా ఉందా అని అడగండి. కొన్ని బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు ఆ పని చేస్తాయి. హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్న మనిషిని ఎంత నడిపించినా ఆయాసమే మిగులుతుంది. దిగులు సంగతి కూడా దాచొద్దు. రాత్రిళ్ళు ఐసీయూ శబ్దాలు వినిపించి ఉలిక్కిపడి లేవడం, ఏడుపు రావడం, మాట గుర్తు లేకపోవడం, ఇవన్నీ కలిపి దానికి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని వైద్యులు పేరే పెట్టారు. అది మనిషి మొండితనం వల్ల వచ్చేది కాదు.

పరీక్షలన్నీ బాగున్నా నీరసం ఎందుకుంటుందంటే, పోయింది కండ. 2013లో లండన్‌లో 63 మంది ఐసీయూ రోగుల తొడ కండరాన్ని స్కాన్‌తో కొలిచి చూస్తే పది రోజుల్లో సగటున 18 శాతం దాకా తరిగిపోయింది. మంచంలో పది రోజుల్లో కరిగిన కండ తిరిగి రావాలంటే నెలలు పడుతుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే మా ఇంట్లో సగం కంగారు ఉండేది కాదు.

ఇక ఏ దారినైనా నాలుగు ప్రశ్నలతో తూచండి.

నీరసం ఎక్కడుంది? కుర్చీలోంచి లేవలేకపోతే అది కాళ్ళ సంగతి. లేచాక నాలుగడుగులకే ఊపిరి అందకపోతే గుండె, ఊపిరితిత్తుల సంగతి. రెండూ బాగానే ఉండి, చిన్న పని చేసినా మర్నాడు ఒళ్ళంతా కూలబడితే అది మూడో రకం. దాని దారి పూర్తిగా వేరు.

మర్నాటి పొద్దున ఎలా ఉంది? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కొలత ఇదే. సెలైన్ పెట్టించుకున్న సాయంత్రం ఎవరికైనా బాగుంటుంది. హుషారులో ఎక్కువ దూరం నడిచిన సాయంత్రమూ బాగుంటుంది. మర్నాడు పొద్దున పళ్ళు తోముకోవడానికి లేచినప్పుడు నిన్నటిలాగే ఉంటేనో, కాస్త మెరుగ్గా ఉంటేనో ఆ దారి పనికొచ్చినట్టు.

తేడా వస్తే కనిపెట్టే మనిషి పక్కన ఉన్నారా? ఇదే పని 12 వారాల పాటు డబ్బు పరంగా, తోడు పరంగా జరపగలమా? ఈ రెండు ప్రశ్నలూ అడక్కుండా మొదలుపెట్టినవి మూడో వారానికి ఆగిపోతాయి.

## పూర్తి విశ్రాంతి

జ్వరం ఇంకా ఉన్నప్పుడు, డాక్టరు కదలొద్దన్నప్పుడు, ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో విశ్రాంతే మందు. ఆ గడువు దాటాక మంచమే శత్రువు అవుతుంది. కదలని కాళ్ళలో కండ ఇంకా తరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది. పెద్దమ్మ చెప్పిన మూడు నెలల మంచం బాలింతల పథ్యం నాటి అలవాటు. దాంట్లో ఉన్న ప్రేమ తీసుకుని, మంచం మాత్రం వదిలేశాం.

పగలంతా పడుకోనివ్వకుండా, పనికీ పనికీ మధ్య అరగంట నడుం వాల్చనివ్వడం మాకు కుదిరింది. అలిసిపోయాక పడుకోవడం కన్నా, అలిసిపోకముందే పడుకోవడం మేలు. స్నానం ఎంత ఓపిక తినేస్తుందో మొదట్లో మాకు తెలియలేదు. వేడినీళ్ళ ఆవిర్లో నిలబడి, చేతులు పైకెత్తి తల రుద్దుకోవడం అమ్మకు ఆ రోజు మొత్తానికి అయ్యే ఖర్చు. ప్లాస్టిక్ స్టూల్ వేసి, గోరువెచ్చటి నీళ్ళతో, తలస్నానం మరో రోజుకు వాయిదా వేశాక, మిగిలిన ఓపికతో వసారాలో రెండుసార్లు నడవగలిగింది.

## సెలైన్, బలం ఇంజెక్షన్లు

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో నీరసమనగానే మొదట గుర్తొచ్చేది ఇదే.

5 శాతం గ్లూకోజు ఉన్న అరలీటరు బాటిల్‌లో గ్లూకోజు 25 గ్రాములు. అంటే వంద కేలరీల లోపు. ఒక అరటిపండు తింటే వచ్చేదీ అంతే. నార్మల్ సెలైన్ అయితే అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్ళు. కండ పెరగడానికి కావలసిన ప్రోటీన్ రెండింట్లోనూ చుక్క లేదు. ఎక్కించుకున్నాక బాగున్నట్టు అనిపించడం అబద్ధం కాదు. ఒంట్లో నీరు తక్కువున్న మనిషికి ఆ నీళ్ళు పనిచేస్తాయి. రెండు గంటలు చల్లగా పడుకుంటారు, పక్కన నలుగురు కూర్చుని పలకరిస్తారు. మర్నాటికి మళ్ళీ మామూలే.

నష్టం లేదు కదా అనుకోవడానికి వీల్లేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. షుగరున్నవాళ్ళకు గ్లూకోజు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంకోటి, ఇంజెక్షన్ చేయించుకున్న గంటల్లోనే విపరీతమైన ఆకలి, హుషారు వస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. పేరు చెప్పకుండా చేసే ఏ బలం ఇంజెక్షనూ వద్దు. బి12 పరీక్షలో తక్కువని తేలితే ఆ ఇంజెక్షన్ నిజంగా పనిచేస్తుంది. తేలకపోతే ఎక్కువగా మూత్రంలో పోతుంది. వాంతులు, విరేచనాలు, డెంగీలో ఆసుపత్రి వాళ్ళు పెట్టే సెలైన్ వేరే విషయం, అది ప్రాణం నిలిపే మందు.

## సొంతంగా నడక, కుర్చీ

ఖర్చు లేదు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఎంచుకోమంటే పదిమందిలో ఏడుగురికి నేను దీంతోనే మొదలుపెట్టమంటాను. కానీ మనవాళ్ళు చేసే తప్పు దూరం లెక్కపెట్టడం. "నిన్న గుడి దాకా వెళ్ళావుగా, ఇవాళ చెరువు దాకా పోదాం" అంటారు. తిరిగి రావడం కూడా ఉందని మర్చిపోతారు.

మేం వసారాలో మొదలుపెట్టాం. ఈ గోడ నుంచి ఆ గోడకు అమ్మ అడుగుల్లో 14. మధ్యలో ఒక కుర్చీ. రెండు నిమిషాల నడక, రోజుకు ఐదుసార్లు. మూడు రోజులు వరసగా మర్నాటి పొద్దున బాగుంటే ఒక నిమిషం పెంచడం, బాగోకపోతే మళ్ళీ వెనక్కి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. చలికాలం ఐదింటికి మంచులో నడిపించొద్దు, ఎనిమిది దాటాక చాలు. ఎండాకాలం సాయంత్రం పొద్దు వాలాక. వెనక పట్టీ లేని చెప్పులు, తడి గచ్చు, ముడతపడిన పట్టా, పడిపోవడానికి ఈ మూడూ చాలు.

నడక ఊపిరిని పెంచినంతగా తొడల బలాన్ని పెంచదు. ఆ బలానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడమే సులువైన పని. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 సార్ల కన్నా, మగవాళ్ళు 14 సార్ల కన్నా తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కొలత. చెయ్యి ఆనిస్తే ఆ లెక్కలో సున్నా. అమ్మకు 62 ఏళ్ళు. మొదటి రోజు ఆవిడ లెక్క సున్నా. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, చేతులు ఆనించనిచ్చి పూటకు మూడుసార్లతో మొదలుపెట్టాం. పదహారో రోజున ఒక దిండు తీసేశాం.

## ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు

మంచం దిగడానికే భయపడేవాళ్ళకు, ఒకసారి పడిపోయినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, ఐసీయూలో వారం దాటి ఉన్నవాళ్ళకు ఇది దండగ ఖర్చు కాదు. అయితే మనిషిని చూసి ఎంచుకోవాలి. మాకు మొదట వచ్చినతను ఇరవై నిమిషాలు కాళ్ళు మర్దన చేసి, కరెంటు మిషన్ పెట్టి వెళ్ళిపోయేవాడు. నొప్పికి అది పనికొస్తుందేమో గానీ, పోయిన కండ దాంతో రాదు. మూడుసార్ల తర్వాత మార్చేశాం. రెండో ఆవిడ వచ్చీరాగానే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టి, నడిపించి, మళ్ళీ చూసింది. ఇవాళ ఎన్నిసార్లు, ఎల్లుండి ఎన్నిసార్లు అని నోటుబుక్కులో రాసిచ్చింది. అమ్మ చేత ఎలా చేయించాలో నాకు నేర్పింది. ఇంటివాళ్ళకు నేర్పని ఫిజియోథెరపిస్టు ఎన్ని రోజులొచ్చినా ఆ మనిషి వెళ్ళిపోగానే పని ఆగిపోతుంది.

మేం ఒక్కోసారికి 400 ఇచ్చాం. నగరాల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. రోజూ రప్పించక్కర్లేదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి వచ్చి లెక్క చూసి పెంచి వెళ్తే చాలు.

## ఆసుపత్రిలో రిహాబ్

రిహాబ్ అంటే నిపుణుల కళ్ళెదుట, కొలత ప్రకారం వ్యాయామం చేయించి ఓపిక తిరిగి తెప్పించడం. గుండెపోటు, బైపాస్ అయినవాళ్ళకు, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్ళకు వీలుంటే ఇదే మొదటి ఎంపిక. ఈసీజీ చూస్తూ నడిపిస్తారు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలుస్తారు, ఎంతవరకు శ్రమపడొచ్చో గీత గీసి చెబుతారు. ఆ గీత తెలియక చాలామంది గుండె రోగులు ఏడాదిపాటు మెట్లెక్కడానికి కూడా భయపడుతూ కూర్చుంటారు. ఇబ్బందల్లా దూరం. పెద్ద నగరాల్లో తప్ప దొరకడం కష్టం. వెళ్ళి రావడంలోనే ఆ రోజు ఓపిక అయిపోతే, మొదట్లో రెండు మూడుసార్లు వెళ్ళి కొలతలు, వ్యాయామాల చీటీ తెచ్చుకుని ఇంట్లో చేసుకోవచ్చా అని అడగండి.

## యోగా, ప్రాణాయామం

మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన దాదాపు 4 వేల మందితో యోగా ఆధారిత రిహాబ్‌ను పరీక్షించి 2020లో ఫలితం ప్రచురించారు. 12 వారాల్లో 13 తరగతులు, మిగతాది ఇంట్లో. మళ్ళీ గుండెపోటు రావడాన్ని, మరణాలను అది తగ్గించిందని తేలలేదు. కానీ యోగా చేసినవాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, పూర్వపు పనులకు ఎక్కువగా తిరిగి వెళ్ళగలిగారు. కాబట్టి రిహాబ్ అందనివాళ్ళకు మంచి దారే. కపాలభాతి, ఊపిరి బిగబట్టడం, తలకిందుల ఆసనాలు మాత్రం గుండె, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరు ఒప్పుకోకుండా చేయొద్దు.

| దారి | దేనికి బాగా పనిచేస్తుంది | మర్నాటి పొద్దున | ఖర్చు | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| పూర్తి విశ్రాంతి | జ్వరం, ఆపరేషన్ తొలి రోజులు | వారం దాటితే ఇంకా నీరసం | లేదు | డాక్టరు కదలమన్నవాళ్ళకు |
| సెలైన్ | ఒంట్లో నీరు తగ్గినప్పుడు | మామూలే | ప్రతిసారీ | గుండె, కిడ్నీ రోగులకు |
| నడక, కుర్చీ | కాళ్ళ బలం, ఊపిరి | నెమ్మదిగా మెరుగు | లేదు | చిన్న శ్రమకే కూలబడేవాళ్ళు పెంచుకుంటూ పోవద్దు |
| ఇంటికి ఫిజియో | పడిపోయే భయం, పక్షవాతం, ఐసీయూ | మెరుగు, ధైర్యం | మధ్యస్థం | మర్దనతో సరిపెట్టేవాళ్ళ దగ్గర |
| ఆసుపత్రి రిహాబ్ | గుండె, ఊపిరితిత్తులు | మెరుగు, ప్రయాణ బడలిక | ఎక్కువ | ప్రయాణం పడనివాళ్ళకు |
| యోగా | ఊపిరి, నిద్ర, దిగులు | తేలిగ్గా | తక్కువ | కఠిన ఆసనాలు కొత్తవాళ్ళకు |

## పథ్యమా, ప్రోటీనా

పైన చెప్పిన వాటిలో ఏది ఎంచుకున్నా తిండి సరిగా లేకపోతే పనిచేయదు. కండకు సరుకు లేకుండా వ్యాయామం చేయిస్తే ఉన్నది కూడా కరుగుతుంది.

మన పథ్యంలో మంచీ ఉంది. బీరకాయ, పొట్లకాయ, మెత్తటి అన్నం, నూనె తక్కువ, మొదటి వారం నీరసించిన పేగుకు ఇవి నప్పుతాయి. తర్వాత కూడా పప్పు వాతమని, గుడ్డు వేడని, పెరుగు చలవని తీసేస్తూపోతే కంచంలో చారన్నమే మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికే కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. పెద్ద జబ్బు నుంచి లేచిన పెద్దవాళ్ళకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా వైద్యులు చెబుతారు. 52 కిలోల మనిషికి అది రోజుకు 60 గ్రాములకు పైనే. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

| తిండి | ప్రోటీన్ సుమారుగా |
|---|---|
| కోడిగుడ్డు ఒకటి | 6 గ్రాములు |
| పాలు పెద్ద గ్లాసు, 250 మి.లీ. | 8 |
| కందిపప్పు పచ్చిది 30 గ్రాములు | 6 నుంచి 7 |
| వేరుశనగలు 30 గ్రాములు | 7 నుంచి 8 |
| మీల్ మేకర్ ఎండువి 25 గ్రాములు | 12 నుంచి 13 |
| ఎముక లేని కోడిమాంసం 100 గ్రాములు | 20కి పైన |
| వండిన అన్నం 150 గ్రాములు | 4 |

పౌడరు డబ్బా చెడ్డదేం కాదు. నమలలేనివాళ్ళకు, కీమోలో రుచి పోయినవాళ్ళకు అదే ఆధారం. కొనేముందు వెనక లేబుల్ చూడండి: వంద గ్రాములకు ప్రోటీన్ ఎంత, చక్కెర ఎంత. చక్కెరే ఎక్కువుంటే పాలలో వేయించిన వేరుశనగల పొడి కలిపి ఇవ్వడం మేలు. అమ్మ పెద్ద ముద్దలు తినలేకపోయేది. రోజుకు ఆరుసార్లు పెట్టాం. ఉప్మాలో వేరుశనగలు గుప్పెడు ఎక్కువ, చారుకు బదులు ముద్దపప్పు, సాయంత్రం ఉడికించిన గుడ్డు. గుడ్డుకు పెద్దమ్మ మూడు రోజులు ముఖం ముడుచుకుంది. నాలుగో రోజున తనే పొట్టు తీసి పెట్టింది.

## ఏ జబ్బుకు ఏ దారి

బైపాస్ అయినవాళ్ళకు కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నడక సరే, బిందెలు ఎత్తడం, మంచం మీద చేతులు ఆనించి లేవడం వద్దు. కుర్చీ వ్యాయామం చేతులు వాడకుండా చేయాలి.

టీబీ మందులు వాడుతున్నవాళ్ళు వ్యాయామం కన్నా ముందు బరువు పెరగడం చూసుకోవాలి. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. పడకపోతే మందులిచ్చే కేంద్రంలో అడగండి. ఆ డబ్బు గుడ్లు, పప్పు, పాలకే వెళ్ళేలా ఇంట్లో ఒకరు పట్టుబట్టాలి.

కీమో నీరసానికి ఎక్కువ పడుకోవడం మందులా అనిపిస్తుంది గానీ, తేలికపాటి నడకే దాన్ని తగ్గిస్తుంది. మందు ఎక్కించిన మొదటి మూడు నాలుగు రోజులు వదిలేసి, మిగిలిన రోజుల్లో కొంచెం కొంచెంగా. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా తగ్గిన వారాల్లో డాక్టరును అడక్కుండా వద్దు.

కోవిడ్, డెంగీ, మరేదో వైరస్ జ్వరం తర్వాత నెలలు గడిచినా చిన్న పనికే రెండు రోజులు కూలబడేవాళ్ళు నేను చెప్పిన మూడో రకం. వీళ్ళను "కొంచెం కొంచెం పెంచు, వస్తుంది" అని తోయడం హాని. ఎంఈ అనే ఇలాంటి దీర్ఘకాల నిస్సత్తువ జబ్బుకు వ్యాయామం క్రమంగా పెంచే చికిత్సను బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే వద్దంది. వీళ్ళు ఒంట్లో ఉన్న ఓపికలోపలే పనులు సర్దుకుని, స్థిరపడ్డాక మాత్రమే కదలిక పెంచాలి. బద్ధకమనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్ళు ఊళ్ళో ఇద్దరే ఉన్న ఇళ్ళకు నా సలహా: మొదటి నెల ఫిజియోథెరపిస్టు ఖర్చు మీరు పెట్టుకోండి. తర్వాత రోజూ ఒక వేళ పెట్టుకుని వీడియోకాల్‌లో కుర్చీ వ్యాయామం మీ ఎదుట చేయించండి. "బాగున్నావా నాన్నా" అని అడిగితే బాగున్నాననే అంటారు. ఇవాళ ఎన్నిసార్లు లేచారో చూస్తే నిజం తెలుస్తుంది.

ఏ దారిలో ఉన్నా ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, కూర్చున్నా తగ్గని గుండెదడ, ఆక్సిజన్ 90 కిందికి దిగడం, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, మళ్ళీ జ్వరం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజు వ్యాయామం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలితే మాత్రం భయపడొద్దు. పెద్ద జబ్బు తర్వాత అది మామూలే, చాలామందికి మళ్ళీ వస్తుంది.

అమ్మ నోటుబుక్కు ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. పద్నాలుగో వారం పేజీలో నా రాత ఇలా ఉంది: "మేడ మెట్లు 16. మధ్యలో ఒకసారి ఆగింది. వడియాలు తనే తిరగేసింది." దాని కింద మర్నాటి తేదీ వేసి అమ్మ సొంతంగా, వంకర అక్షరాలతో రాసుకుంది: "పొద్దున బానే ఉంది."